ఒక కొసరు కథ: మ్యూ, పికాచు, 39 కార్డులు

1996 ఏప్రిల్‌లో, జపాన్‌లో పిల్లలు చదివే 'కొరోకొరో కామిక్' అనే నెలపత్రికలో ఒక ప్రకటన వచ్చింది. పేర్లు పంపినవాళ్ళలో 20 మందిని ఎంపిక చేసి, వాళ్ళకి ఒక జంతువుని బహుమతిగా ఇస్తామన్నారు. నిజం జంతువు కాదు. చేతిలో పట్టుకుని ఆడే ఒక వీడియో గేమ్‌లో ఉండే జంతువు. పేరు మ్యూ. ఆ ఆటలో లెక్క ప్రకారం దొరికేవి 150 జంతువులు, ఇది 151వది. ఎన్ని గుహలు తిరిగినా, ఎన్ని గడ్డిపొదలు వెతికినా మామూలుగా కనపడదు. ఇచ్చేది 20 మందికైతే పేర్లు పంపినవాళ్ళు 78 వేల మంది. అంటే ఒక్కో మ్యూకి దాదాపు 3,900 మంది పోటీ!

ఆ ఆట పోకేమాన్ అని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. దాని చరిత్రని అమ్మకాల అంకెలతో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పని నాకెందుకు గానీ, నన్ను లాగేది దాని పక్కన నడిచిన రెండు చిన్న విషయాలు. ఒకటి, ఆటతో పాటు ఊరికే ఇచ్చిన కానుకలు. రెండోది, ఆట ఆడినవాళ్ళు కూర్చుని గీసుకున్న బొమ్మలు.

కానుక ఇచ్చి సరుకు అమ్మడం కొత్త విద్యేం కాదు. సంతలో వంకాయలమ్మే అవ్వ తూచిన తర్వాత పైన రెండు కాయలు వేస్తుంది చూడండి, దాన్నే కొసరంటాం. ఆ కొసరు కోసమే మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్తాం. వీడియో గేముల కంపెనీలు చేసిందీ అదే. ఐతే ఏ కొసరుని చూసినా ఒక ప్రశ్న వేసుకోవచ్చు: దీన్ని అందుకోవడానికి మనిషి చెయ్యాల్సిన పనేంటి? ఉత్తరం రాయాలా, బొమ్మ గియ్యాలా, ఇంకో మనిషిని కలవాలా, లేకపోతే డబ్బు కడితే సరిపోతుందా? పోకేమాన్ కానుకల ముప్ఫయ్యేళ్ళ చరిత్రని ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చదవొచ్చు.

ఇద్దరు అభిమానులు, ఒక టోపీ

పోకేమాన్ తయారుచేసిన గేమ్ ఫ్రీక్ ఇప్పుడొక కంపెనీ. కానీ ఆ పేరు మొదట కంపెనీది కాదు, ఒక పత్రికది. 1983లో సతోషి తజిరి అనే కుర్రాడు, ఇంకా ఇరవయ్యేళ్ళు కూడా నిండకముందే, ఆర్కేడ్ ఆటల్లో కిటుకుల గురించి చేత్తో రాసి, జిరాక్సు తీయించి, పిన్నులు కొట్టి అమ్మిన పత్రిక అది. ఇలా అభిమానులు సొంతంగా అచ్చేసుకునే పుస్తకాల్ని జపాన్‌లో దోజిన్షి అంటారు. మన లిటిల్ మ్యాగజైన్ల సంగతి తెలిసినవాళ్ళకి ఆ వాసన పరిచయమే: తక్కువ కాపీలు, అప్పుచేసిన కాగితం, విపరీతమైన ఉత్సాహం. దోజిన్షి అమ్మే ఒక దుకాణంలో కెన్ సుగిమొరి అనే ఇంకో కుర్రాడు ఈ పత్రిక చూసి, వెతుక్కుంటూ వచ్చి, దానికి బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు. 1989లో ఆ పత్రిక పేరే కంపెనీ పేరైంది. ఆ బొమ్మలు గీసినతనే తర్వాత పోకేమాన్ ప్రపంచానికి అధికారిక చిత్రకారుడయ్యాడు.

కాబట్టి ఈ కథలో అభిమాని ఒక గట్టునా తయారీదారు ఇంకో గట్టునా లేరు. తయారీదారులే అభిమానులుగా మొదలయ్యారు.

ఇంకో చిన్న ముచ్చట ఉంది. 1987లో 'డ్రాగన్ క్వెస్ట్ 2' అనే ఆట వచ్చింది. రాక్షసులు, మంత్రాలు, రాజ్యాలు ఉండే ఆట. అందులో ఒక వింత టోపీ ఉంటుంది. రాక్షసుణ్ణి చంపితే ఎప్పుడో అరుదుగా దొరుకుతుంది. తజిరికి ఎంత ఆడినా ఒక్కటీ దొరకలేదు. సుగిమొరికి రెండు దొరికాయి. ఆ రెండోది నాకిస్తే ఎంత బావుండు అనిపించింది తజిరికి. ఇవ్వడానికి దారి లేదు. ఎవరి ఆట వాళ్ళ డబ్బాలోనే బందీ. తర్వాత నింటెండో వాళ్ళ గేమ్‌బాయ్ వచ్చింది. దానికో తీగ ఉంది, రెండు గేమ్‌బాయ్‌లని కలపడానికి. పోటీ పడటానికి ఉద్దేశించిన ఆ తీగని చూసి, దాని మీద పురుగులు అటూ ఇటూ పాకుతున్నట్టు ఊహించుకున్నాడతను. చిన్నప్పుడు పురుగులు పట్టుకుని దాచుకునే అలవాటున్న మనిషి మరి.

ఆరేళ్ళ పని తర్వాత 1996 ఫిబ్రవరి 27న ఆట వచ్చింది, ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా. ఎరుపులో ఉన్న కొన్ని జంతువులు ఆకుపచ్చలో ఉండవు, ఇందులో ఉన్న కొన్ని అందులో ఉండవు. అన్నీ కావాలంటే ఇంకోడి దగ్గరికి వెళ్ళి, తీగ కలిపి, ఇచ్చిపుచ్చుకోవాలి. రెండు రకాలు పెట్టడం వ్యాపారానికీ లాభమే, కాదనలేం. కానీ ఆ ఏర్పాటు వల్ల బడి అయ్యాక పిల్లలు ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు కూర్చోవాల్సి వచ్చిందన్నది కూడా అంతే నిజం.

మిగిలిన చోటు

మ్యూ పుట్టుక ఒక ఆకతాయి పని. ఆట తయారయ్యాక తప్పులు వెతకడానికి వాడిన పనిముట్లని అందులోంచి తీసేశారు. తీసేస్తే 300 బైట్ల చోటు మిగిలింది. ప్రోగ్రామర్ షిగెకి మొరిమొతో ఆ చోటు చూసి, ఇంకో జంతువుని పెట్టేశాడు. ఆ దశలో ప్రోగ్రాముని ఎవరూ ముట్టుకోకూడదు. పరీక్షలన్నీ అయిపోయాయి, ఏం మార్చినా కొత్త తప్పు రావొచ్చు. తెలిసీ చేశాడు. తమలో తాము నవ్వుకోవడానికే తప్ప బయటివాళ్ళకి చూపించే ఉద్దేశం లేదని తర్వాత చెప్పాడు.

300 బైట్లంటే ఎంతో చెప్పుకుందాం. మీరు ఇప్పుడు చదువుతున్న తెలుగు యూనికోడ్‌లో, యుటిఎఫ్-8 పద్ధతిలో, ఒక్కో గుర్తుకి 3 బైట్లు పడతాయి. 'మ్యూ' అని రాయాలంటే మకారం, పొల్లు, యకారం, ఊత్వం కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఆ లెక్కన 300 బైట్లలో మనకి ఒకటో రెండో వాక్యాలు పడతాయి, అంతే. అంత ఇరుకులో ఒక జంతువుని కూర్చోబెట్టాడతను.

అనుకున్నట్టు అది లోపలే ఉండిపోలేదు. ఆటలో ఉన్న ఇంకేదో లోపం వల్ల కొందరు పిల్లలకి మ్యూ కనపడింది. చూసినవాడు చెప్తాడు, విన్నవాడు నమ్మడు, మూడోవాడు తనకీ కనపడిందని కోస్తాడు. ఇంటర్నెట్ ఇళ్ళలోకి ఇంకా రాని రోజులు. ఏది నిజమో తేల్చుకునే దారి లేదు. ఆ పుకారు ముదిరాకే కొరోకొరో కామిక్ ప్రకటన వచ్చింది. అంటే కంపెనీ కానుకని కనిపెట్టి ప్రచారం చెయ్యలేదు. పిల్లల నోళ్ళలో అప్పటికే తిరుగుతున్న కథకి, అవునర్రా అది ఉంది అని ముద్ర వేసింది.

ఫలితం గురించి నింటెండో అధ్యక్షుడిగా ఉండగా సతోరు ఇవాతా ఒక సంభాషణలో చెప్పాడు. అప్పటిదాకా నెలకి ఎన్ని అమ్ముడయ్యేవో ఆ ప్రకటన తర్వాత వారానికి అన్ని అమ్ముడవడం మొదలైందట; అక్కణ్ణుంచి మూడు రెట్లు, నాలుగు రెట్లు. గేమ్‌బాయ్ అప్పటికి ఏడేళ్ళ పాత యంత్రం. దాని పనైపోయిందనుకుంటున్న టైములో, 20 మందికి ఇచ్చిన ఒక కొసరు మిగతా లక్షల మందిని దుకాణాలకి నడిపించింది.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. మ్యూ దక్కింది 20 మందికే. దక్కని 77,980 మందికి ఏం దక్కింది? పుకారు నిజమని తెలిసింది. తమ చేతిలో ఉన్న డబ్బాలో తాము చూడనిది ఇంకేదో ఉందన్న గురి దక్కింది. కొరోకొరో 1977లో డోరేమాన్ బొమ్మల కథల కోసం మొదలైన పత్రిక. పిల్లలు దానికి రాయడం, అది వాళ్ళకి జవాబివ్వడం అప్పటికే అలవాటైన పని. చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు ముక్క మీద రెండు మాటలు రాసి పోస్టు డబ్బాలో వేసిన తరానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బహుమతి రాకపోయినా, మనం రాసింది ఎక్కడికో చేరిందన్నదే సగం సంబరం.

బొమ్మ గీసినవాళ్ళకో యోగ్యతాపత్రం

1996 అక్టోబరులో పోకేమాన్ కార్డుల ఆట మొదలైంది. గేమ్‌బాయ్ తెరమీద నాలుగు షేడ్లలో చుక్కలు చుక్కలుగా కనపడే జంతువులు ఈ కార్డుల మీద రంగుల్లో, కొండల మధ్య, వానలో, వంటింట్లో కనపడసాగాయి. తెర చూపించలేనిది కార్డు చూపించింది. పిల్లలకి సహజంగానే, ఇలా నేనూ గీస్తే, అన్న ఆలోచన వస్తుంది. 1997, 1998 సంవత్సరాల్లో కొరోకొరో కామిక్ మూడుసార్లు బొమ్మల పోటీ పెట్టింది. బాగా గీసినవాళ్ళకి బహుమతిగా ఒక కార్డు ఇచ్చారు. మొదటిసారి 23 మందికి, తర్వాత రెండుసార్లూ ఎనిమిదేసి మందికి. మొత్తం 39.

ఆ కార్డు మీద పికాచు ఉంటుంది, చేతిలో బొమ్మలు గీసే సరంజామాతో. మామూలు కార్డుల మీద 'ట్రైనర్' అని ఉండే చోట దీనిమీద 'ఇలస్ట్రేటర్' అని ఉంటుంది. మూల చిన్న కలం గుర్తు. కింద రాసిన మాటల సారాంశం ఇది: నీ బొమ్మ పోటీలో మేలైనదని నిర్ధారిస్తున్నాం, నిన్ను పోకేమాన్ కార్డుల అధికారిక చిత్రకారుడిగా గుర్తిస్తున్నాం, నీ పనితనానికి మా మెచ్చుకోలు. ఆట గెలవడానికి పనికొచ్చే కార్డు కాదది. ప్యాకెట్ కొంటే వచ్చేదీ కాదు. చేతికందే సైజులో ఉన్న యోగ్యతాపత్రం.

దానిమీద పికాచుని గీసింది అత్సుకో నిషిదా. పికాచు రూపాన్ని మొదట ఊహించింది కూడా ఆవిడే. ఈ వివరం నాకు ముఖ్యంగా తోస్తుంది. పికాచుని సృష్టించిన చిత్రకారిణి, పికాచుని చూసి గీసిన పిల్లలకి, మీరూ మా బాపతే అని చెప్పినట్టుంటుంది ఆ కార్డు. గేమ్ ఫ్రీక్ పత్రికని దుకాణంలో చూసి బొమ్మలు వెయ్యడానికొచ్చిన సుగిమొరి కథే పద్నాలుగేళ్ళ తర్వాత చిన్న రూపంలో మళ్ళీ జరిగింది. ఈసారి తలుపు తీసి పట్టుకున్నది లోపలివాళ్ళు.

తలుపుకి గడియ

ఐతే ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. ఆ మూడో పోటీ జరిగిన మర్నాడే అన్నట్టు, 1999 జనవరిలో, క్యోటో పోలీసులు ఒక మహిళని అరెస్టు చేశారు. నింటెండో ఫిర్యాదు మీద. ఆమె పోకేమాన్ పాత్రలతో పెద్దలకి మాత్రమే తగిన బొమ్మల కథ గీసి, దోజిన్షిగా అమ్మింది. కాపీరైటు ఉల్లంఘన కింద చివరికి లక్ష యెన్ల జరిమానా పడింది.

దీని బరువు తెలియాలంటే జపాన్‌లో దోజిన్షి లోకం ఎంత పెద్దదో తెలియాలి. 1975 డిసెంబరులో టోక్యోలో 32 బృందాలతో, ఏడు వందల మంది జనంతో కోమికెట్ అనే సంత మొదలైంది. అభిమానులు గీసుకున్న పుస్తకాల్ని అభిమానులే కొనుక్కునే సంత. తొంభైల నాటికి దానికి లక్షల్లో జనం రాసాగారు. అక్కడ అమ్మే పుస్తకాల్లో చాలావాటిలో పాత్రలు వేరేవాళ్ళవే. చట్టం ప్రకారం చూస్తే తప్పు. కానీ ప్రచురణకర్తలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. రేపటి చిత్రకారులు అక్కణ్ణుంచే వస్తారని వాళ్ళకి తెలుసు. ఆ ఊరుకోవడం మీదే సంతంతా నడుస్తోంది. ఊరుకోవడం హక్కు కాదనీ, ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చనీ ఆ అరెస్టుతో అందరికీ తెలిసొచ్చింది.

కంపెనీ వైపు వాదన లేకపోలేదు. పసిపిల్లలు ప్రేమించే పాత్రలవి, అలాంటి కథల్లో కనపడితే ఏ తల్లిదండ్రులైనా ఉలిక్కిపడతారు. కానీ రెండు సంఘటనలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకళ్ళు పికాచుని గీస్తే అధికారిక చిత్రకారుడన్న కార్డు, ఇంకొకళ్ళు గీస్తే పోలీసులు. ఏది ప్రేమ, ఏది దొంగతనం అని తేల్చే అధికారం రెండుచోట్లా ఒకళ్ళదే. కానుక ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. ఆ కార్డు ఎంత ముచ్చటగా ఉన్నా ఈ సంగతి మర్చిపోకూడదు.

టిక్కెట్టుతో పాటు ఒక దేవుడు

తర్వాతి పదేళ్ళలో కొసరు స్వభావం మారింది. పోకేమాన్ సినిమాలు ఏటా వేసవిలో రావడం మొదలయ్యాక, అరుదైన జంతువులు సినిమాకి కొసరయ్యాయి. 2009 జులైలో ఆర్సియస్ సినిమా వచ్చినప్పుడు జపాన్ థియేటర్లకి పిల్లలు తమ నింటెండో డిఎస్‌లు పట్టుకెళ్ళారు. హాల్లోనే తీగలేకుండా ఆర్సియస్ వాళ్ళ ఆటలోకి దిగింది. ఆట కథ ప్రకారం ఆర్సియస్ ఆ లోకాన్నంతా సృష్టించిన దేవుడు. సృష్టికర్త సినిమా టిక్కెట్టుతో పాటు రావడం మనకి కాస్త నవ్వొచ్చే సంగతే గానీ, దేవుడి ప్రసాదం కూడా క్యూలో నిలబడితేనే కదా దక్కేది.

ఇక్కడ లాటరీ లేదు. అది మంచిదే, 3,900 మందిలో ఒకడికి కాకుండా వచ్చిన ప్రతివాడికీ ఇచ్చారు. కానీ మన ప్రశ్న వేసుకుంటే జవాబు మారిపోయింది. అందుకోవడానికి చెయ్యాల్సిన పని టిక్కెట్టు కొనడం. ఇంకొన్నాళ్ళకి అదీ తగ్గి, దుకాణంలో ఇచ్చే ఒక చీటీ మీది అంకెల వరసైంది. 2016 ఫిబ్రవరిలో, ఆటకి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా, అమెరికాలో గేమ్‌స్టాప్ దుకాణాలకి వెళ్తే మ్యూ కోసం ఒక కోడ్ ఇచ్చారు. 78 వేల మంది ఆశపడ్డ జంతువు, కౌంటర్ దగ్గర అడిగితే చేతిలో పెట్టే చీటీ.

మన దగ్గర ఈ కథ ఇంకో రకంగా నడిచింది. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకేమాన్ వచ్చేటప్పటికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గేమ్‌బాయ్ ఉన్న ఇల్లు వెతికితే గానీ దొరకదు. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఎవరి బాబాయో తెస్తే ఉన్నట్టు. కానీ చిప్స్ పొట్లాల్లో పోకేమాన్ టాజోలు వచ్చేవి, నూనె అంటిన గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళలు. ఆ పొట్లాలు కొన్న పిల్లల్లో చాలామంది అసలు ఆటని చూడనే లేదు. అంటే మనకి అసలు రాకుండానే కొసరొచ్చింది. అయినా పిల్లలు ఆ బిళ్ళలతో చేసింది, తజిరి తీగని చూసి ఊహించుకున్న పనే: రెండున్న వాడు ఒకటిచ్చి, తన దగ్గర లేనిది పుచ్చుకున్నాడు.

కంపెనీ ఇవ్వని కానుక

సినిమా హాల్లో ఆర్సియస్ పంచుతున్న ఆ 2009 జులైలోనే, కానుకల చరిత్రలో ఇంకో ముఖ్యమైన సంగతి జరిగింది. సుగిమొరికి రెండు టోపీలు దొరికిన డ్రాగన్ క్వెస్ట్ వరసలో తొమ్మిదో ఆట జులై 11న వచ్చింది. ఈసారి నింటెండో డిఎస్ మీద, అంటే జేబులో పెట్టుకు తిరిగే ఆటగా. 1987లో తజిరికి దొరకని దారి ఇందులో ఉంది. డిఎస్ మూసి జేబులో వేసుకుని వీధిలో నడుస్తుంటే, అదే ఆట ఉన్న ఇంకో మనిషి పక్కనుంచి వెళ్తే చాలు, రెండు యంత్రాలూ వాటంతటవే పలకరించుకుంటాయి. ఒకరి దగ్గరున్న నిధి పటం ఇంకొకరికి చేరుతుంది. ఇచ్చినవాడిది తరగదు.

ఆ పటాలు ఆటలో లెక్కలేనన్ని రకాలుగా పుడతాయి. ఏది మంచిదో తయారుచేసినవాళ్ళకీ ముందుగా తెలీదు. ఒక ఆటగాడికి దొరికిన పటం మాత్రం అద్భుతమైంది: అది చూపించే గుహలో 15వ అంతస్తుకి దిగితే మెటల్ కింగ్ స్లైమ్‌లు తప్ప వేరే రాక్షసులే ఉండవు. వాటిని కొడితే అనుభవ పాయింట్లు కుప్పలు తెప్పలుగా వస్తాయి, పాత్ర బలం వేగంగా పెరుగుతుంది. పటంతో పాటు దాన్ని మొదట కనుక్కున్న పాత్ర పేరు కూడా ప్రయాణిస్తుంది కాబట్టి దానికి 'మసాయుకి పటం' అన్న పేరు స్థిరపడిపోయింది. టోక్యోలో అకిహబరా లాంటి చోట్ల జనం ఆ పటం కోసం జేబులో డిఎస్‌లతో గుంపులుగా చేరారు. పరిచయం లేనివాళ్ళు, మాట్లాడుకోనివాళ్ళు కూడా ఒకరికొకరు ఇచ్చుకున్నారు. జపాన్‌లో ఇలాంటి కలయికలు 11 కోట్లు దాటాయని 2010లో గిన్నిస్ రికార్డు కూడా నమోదైంది.

ఇది ప్రచార కానుక కాదు. ఏ పత్రికా ప్రకటించలేదు, ఏ దుకాణమూ పంచలేదు. కానీ ఏ ప్రచారానికీ తీసిపోని ప్రచారం చేసింది. మ్యూలో సగమే ఉన్న గుణం ఇందులో పూర్తిగా కనపడుతుంది: కథ కింద నుంచి పుట్టింది, కానుక కూడా కింద నుంచే వచ్చింది. కంపెనీ చేసిందల్లా చేతులు మారడానికి ఒక దారి ఉంచడం.

మెడలో కార్డు

ఇక ఆ 39 కార్డుల సంగతి. అమెరికాలో యూట్యూబ్ ద్వారా పేరు తెచ్చుకుని కుస్తీల్లోకి వెళ్ళిన లోగన్ పాల్ 2021లో ఒక ఇలస్ట్రేటర్ కార్డుని 52 లక్షల 75 వేల డాలర్లకి కొన్నాడు. ఏ మచ్చా లేదని పదికి పది మార్కులు పడిన కార్డది. గిన్నిస్ వాళ్ళు దాన్నీ రికార్డులో ఎక్కించారు. 2022లో రెసిల్‌మేనియా పోటీకి దాన్ని గొలుసుకి తగిలించి మెళ్ళో వేసుకుని వచ్చాడు.

కార్డు అమ్ముకున్నవాళ్ళని తప్పుపట్టడానికేం లేదు. చిన్నప్పుడు గీసిన బొమ్మకి వచ్చిన బహుమతి ఇల్లు కట్టిపెడుతుందంటే ఎవరొద్దంటారు! కానీ ఆ కార్డు మీద రాసిన మాటలు ఇంకా అలాగే ఉన్నాయి. నీ బొమ్మ బాగుంది, నువ్వు చిత్రకారుడివి, అంటూనే ఉంది అది. ఎవరితో అంటోంది? కొన్నవాడు బొమ్మ గియ్యలేదు. యోగ్యతాపత్రం ఒకళ్ళ పేరు మీద పుట్టి ఇంకొకళ్ళ మెడలో వేలాడితే దానికి ధర మిగులుతుంది గానీ అర్థం మిగలదు. పైగా ఆ ధరకి కారణం ఒక్కటే, అవి తక్కువ ఉండటం. తక్కువ ఉండటానికి కారణం, ఒకప్పుడు ఎవరో వచ్చిన బొమ్మలన్నీ ముందేసుకుని, ఒక్కొక్కటీ చూసి, వాటిలో కొన్నిటినే ఏరడం. ధర పలికింది ఆ చూపుకే. వేలం పాటల్లో దాని ప్రస్తావన రాదు, అంతే.

బొమ్మల పోటీలు ఆగిపోలేదు. 2024లో జరిగిన పోటీలో మొదటి వడపోత దాటిన 300 బొమ్మలని జూన్‌లో చూపించారు. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో చేసినవని అభిమానులు గోలపెట్టారు. నియమాలకి విరుద్ధంగా ఉన్నాయంటూ నిర్వాహకులు కొన్నిటిని తొలగించారు. 1997లో అడిగింది ఎవరి బొమ్మ బాగుందని. 2024లో దానికన్నా ముందు అడగాల్సి వచ్చింది, అసలు ఇది ఎవరైనా గీశారా అని. ఆ పట్టు పట్టింది అభిమానులన్నది గమనించండి. బహుమతి మొత్తం కోసం అంత గొడవ పడనక్కర్లేదు. గీసిన చెయ్యి ఒకటుండాలని, దాన్ని చూసే కన్ను ఒకటుండాలని వాళ్ళ పట్టుదల.

చివరగా ఆ మొదటి 20 మ్యూల గురించి. ఆ కాలపు పోకేమాన్ కార్ట్రిడ్జిలో మనం దాచుకున్న ఆటని నిలబెట్టేది లోపల ఉండే ఒక చిన్న బిళ్ళ బ్యాటరీ. పదిహేనో ఇరవయ్యో ఏళ్ళకి దాని ఆయువు తీరుతుంది. అది పోతే పట్టుకున్న జంతువులన్నీ పోతాయి. 2002 నవంబరులో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద కొత్త ఆటలు వచ్చినప్పుడు పాతవాటిని అందులోకి తెచ్చుకునే దారి కూడా ఇవ్వలేదు. కాబట్టి 78 వేల మందిని దాటుకుని గెలిచినవాళ్ళ మ్యూలు అలాగే వదిలేసి ఉంటే ఈపాటికి లేవు. ఎవరైనా టంకం పెట్టి బ్యాటరీ మార్చి కాపాడుకుంటే తప్ప.

ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసిన కార్డు ఇంకో వందేళ్ళుంటుంది. దాని ధర ఇంకా పెరుగుతుంది. మ్యూకి ఆ భాగ్యం లేదు. అమ్ముకోవడానికి అది చేతిలో వస్తువు కాదు, గాజు పెట్టెలో పెట్టి చూపించడానికీ లేదు. కానీ ఆ 1996 వేసవిలో తీగ కలిపి పక్కవాడికి దాన్ని చూపించిన ఇరవై మంది ఎక్కడో ఉండే ఉంటారు. నలభై ఏళ్ళు రావచ్చిన మనుషులు. వాళ్ళనడిగితే, దాని వెల గురించి కాక, ఆ రోజు పక్కన కూర్చుని చూసినవాళ్ళ గురించే ముందు చెప్తారని నా నమ్మకం.